చెట్టు కింద ఆరో జత చెప్పులు

2022 ఏప్రిల్ మొదటి వారంలో నన్ను పెనుకొండ దగ్గర ఒక సెక్షన్‌కు అసిస్టెంట్ ఇంజనీరుగా వేశారు. కరెంటు శాఖలో సెక్షన్ అంటే ఒక ఏ.ఈ., ఆయన కింద ఒక లైన్ ఇన్‌స్పెక్టరు, కొందరు లైన్‌మెన్లు, వీళ్ళందరి నెత్తినా పాతిక ఊళ్ళ తిట్లు. సబ్ ఇంజనీరుగా చేరి, ఒక్కో మెట్టే ఎక్కి ఏ.ఈ. అయినవాణ్ణి నేను. రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్ళుంది. చేరిన వారానికే ధర్మవరంలో మీటింగు పెట్టి, మా పై అధికారి ఏ.డి.ఈ. గారు ఒకటే మాట చెప్పారు. తొలకరి గాలివానలు రాకముందే పదకొండు కె.వి. లైన్ల మీదికి వాలిన కొమ్మలన్నీ కొట్టించాలి.

కొమ్మ గాలికి ఊగి తీగకు తగిలితే ఫీడరు ట్రిప్ అవుతుంది. ఫీడరు అంటే సబ్‌స్టేషన్ నుంచి బయలుదేరి కొన్ని ఊళ్ళకు కరెంటు మోసుకుపోయే లైను. అది ట్రిప్ అయితే మగ్గాల మోటార్లు, నీళ్ళ మోటార్లు, ఫ్యాన్లు ఒక్కసారిగా ఆగిపోతాయి. నా ఫోను మాత్రం అప్పుడే మొదలవుతుంది.

కొమ్మలు కొట్టే పని మేము చేయము, కాంట్రాక్టుకు ఇస్తాం. ఆ ఏడు కాంట్రాక్టు హిందూపురం కట్టెల అడితీ చలపతి శెట్టికి వచ్చింది. తాతల నాటి వ్యాపారం ఆయనది. తెల్లచొక్కా నలగకుండా కట్టెల మధ్య తిరగడం ఒక విద్య, అది ఆయన దగ్గరే చూశాను. పని చేతికొచ్చిన మూడో రోజున ఆయన మా ఆఫీసుకు వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

“సార్, దుడ్లుండాయి, కత్తులుండాయి, తాళ్ళుండాయి. చెట్టెక్కేటోడే లేడు సార్” అన్నాడు.

నేను నవ్వాను. రాయలసీమలో చెట్టెక్కేవాడికి కరువా? నా చిన్నప్పుడు మా ఊళ్ళో నేలమీద నడిచిన పిల్లల కంటే చింతచెట్ల మీద ఉన్న పిల్లలే ఎక్కువ. పరీక్ష పెట్టి నేనే మనుషుల్ని ఏరిస్తానని మాట ఇచ్చేశాను. నాకు తొందరెక్కువ. అది నా సర్వీసు రిజిస్టరులో ఎక్కలేదు గాని, నా కింద పనిచేసిన వాళ్ళందరికీ తెలుసు.

ఆఫీసు వెనక వేపచెట్టు కింద బల్ల వేసుకుని కూర్చున్నాను. నా పక్కన లైన్ ఇన్‌స్పెక్టరు ఓబుళప్ప. హిందూపురం వైపు మనిషి, నాకంటే రెండేళ్ళు చిన్న, నాకంటే పదేళ్ళు పెద్దవాడిలా మాట్లాడతాడు. పదకొండు మంది వచ్చారు. ఏం పని చేస్తావు అని మొదటివాణ్ణి అడిగితే సూపర్‌వైజర్ పని అన్నాడు. రెండోవాడూ అదే. ఐదోవాడికి వచ్చేసరికి ఓబుళప్ప తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. చెట్టు ఎక్కడానికి ఒక్కడే ఒప్పుకున్నాడు. చకచకా ఎక్కాడు, చక్కగా కొట్టాడు, కొమ్మను నేరుగా నా స్కూటరు మీద వేశాడు. పని తెలిసినవాడే, పడే దిక్కే తెలియదు. వాణ్ణి తీసుకునేవాణ్ణే, కాని మర్నాడు వాడికి ఎర్రమంచిలో ఉద్యోగం దొరికింది.

అసలు సంగతి అదే. ఎర్రమంచిలో కార్ల ఫ్యాక్టరీ వచ్చాక, దాని చుట్టూ చిన్న కంపెనీలు వచ్చాక, మా ప్రాంతం కుర్రవాళ్ళకు యూనిఫారం, బస్సు, క్యాంటీను దొరికాయి. అవి వదులుకుని ఎర్రచీమలతో కుట్టించుకోవడానికి ఎవడొస్తాడు? రాకపోవడమే న్యాయం.

ఆ పదకొండు మందిలో మద్దిలేటి ఒకడు. ముప్పై అయిదేళ్ళుంటాయి, వేరుశెనగ వేసే రైతు కుటుంబం. చాలా మర్యాదగా చెప్పాడు. “ఎక్కేది నాతో కాదు సార్. ఎక్కినోళ్ళని చూసుకునే పని ఏమన్నా ఉంటే చెప్పండి.” పనిచేసే ఊళ్ళు తెలిసిన స్థానికుడు ఒకడు గ్యాంగుతో ఉండాలని నిబంధన ఉంది గనుక అతన్నే సూపర్‌వైజరుగా తీసుకున్నాం. అలా మాకు ఎక్కేవాళ్ళు దొరకకముందే ఎక్కినవాళ్ళని చూసుకునేవాడు దొరికాడు. మూడు రోజులు వేపచెట్టునే చూసుకుంటూ కూర్చున్నాడు.

నాలుగో రోజున చలపతి శెట్టి ఐదుగురిని వెంటబెట్టుకుని వచ్చాడు. బెంగాల్‌లో మాల్దా వైపు మామిడితోటల వాళ్ళు. ఎర్రమంచి దగ్గర రేకుల షెడ్డులో ఉంటూ కాంక్రీటు పని చేస్తున్నారు. గ్యాంగు పెద్ద పేరు నిమాయ్. నలభై దాటిన సన్నటి మనిషి. తెలుగు రాదు. నాకు హిందీ పరీక్ష పాసయ్యేటంత వచ్చు, మాట్లాడేటంత రాదు. అయితే అతను అంతకుముందు రెండేళ్ళు బెంగళూరులో పనిచేసి కన్నడం నేర్చుకున్నాడు. మా ఓబుళప్పకు కన్నడం పుట్టుకతో వచ్చింది. అలా బెంగాల్ మనిషీ ఆంధ్రా మనిషీ కన్నడంలో మాట్లాడుకుంటూ చెట్ల పని నడిపారు. ఇప్పటికీ తలుచుకుంటే నవ్వొస్తుంది.

వేపచెట్టు పరీక్ష పెట్టాను. నిమాయ్ చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి, చెప్పులు విడిచి, మొదట్లో జతగా పెట్టి ఎక్కాడు. కొట్టబోయే కొమ్మకు తాడు కట్టి, పై కొమ్మ మీదుగా ఆ తాడు వేసి, కింద ఇద్దరికి అందించి, అప్పుడు కొట్టాడు. కొమ్మ పడలేదు, దిగింది. పసిబిడ్డను మంచం మీద పడుకోబెట్టినట్టు నేల మీద పడుకుంది. ఓబుళప్ప చప్పట్లు కొట్టాడు. నేను లేచి నిలబడ్డాను, ఏ.ఈ. అలా నిలబడకూడదని గుర్తొచ్చి మళ్ళీ కూర్చున్నాను.

చలపతి శెట్టి వ్యాపారస్తుడు గనుక షరతు పెట్టాడు. ఒక ఫీడరు పది రోజుల్లో పూర్తి చేయాలి, ఏ రోజూ లైను ఆలస్యంగా ఇవ్వకూడదు. నెగ్గితే ఏడాది పొడుగునా పని వాళ్ళదే. ఒక్కరోజు ఆలస్యమైనా వాళ్ళను కాంక్రీటుకే పంపి, బెంగళూరు నుంచి మనిషిని బుట్టలో నిలబెట్టి పైకెత్తే లిఫ్టు మిషను తెప్పించుకుంటాడు. నిమాయ్ ఒప్పుకున్నాడు. సిమెంటు దుమ్ముకు అతనికి రాత్రంతా దగ్గట. చెట్టు పని దొరికితే మళ్ళీ ఆ దుమ్ములోకి పోనక్కరలేదని ఓబుళప్పతో చెప్పుకున్నాడట.

ఇక్కడ ఎల్.సి. సంగతి చెప్పాలి. లైన్ క్లియర్ అనే దాన్ని మేము ఎల్.సి. అంటాం. లైను దగ్గర పని చేయాలంటే సబ్‌స్టేషన్ ఆపరేటరుకు ఫోను చేసి ఎల్.సి. తీసుకోవాలి. ఆయన ఫీడరు ఆపి, ఒక నంబరు చెబుతాడు. ఆ నంబరు ఆయన పుస్తకంలోనూ నా పుస్తకంలోనూ ఎక్కుతుంది. పని దగ్గర మేము ఎర్త్ రాడ్లు తగిలిస్తాం, పొరపాటున కరెంటు వచ్చినా అది భూమిలోకి పోవడానికి. పని అయ్యాక రాడ్లు తీసి, ఎల్.సి. తిరిగి ఇవ్వాలి. ఎవరు తీసుకుంటే వాళ్ళే ఇవ్వాలి. ఇచ్చిన మరుక్షణం లైనులో కరెంటు ఉంటుంది. ఈ వరస తప్పినందువల్ల ఫోటోలకెక్కి గోడలకు వేలాడుతున్న మనుషులు మా శాఖలో ప్రతి ఆఫీసులోనూ ఉన్నారు.

దీనికి తోడు నేనొక పసుపుపచ్చ కాగితం తయారు చేశాను. “పని పూర్తయింది. మనుషులందరూ చెట్టు దిగారు” అని దాని మీద ఉంటుంది. గ్యాంగు పెద్ద సంతకం పెడితేనే ఎల్.సి. తిరిగి ఇస్తాను. నిబంధనల్లో లేని కాగితం అది, నా సొంత తెలివి. నిమాయ్ దాన్ని చదివించుకుని విని, తమ దగ్గర ఇంత కాగితం ఉండదని, మామిడితోటలో ఎక్కేవాళ్ళు చెట్టు కింద చెప్పులు విడుస్తారని, తోట పెద్ద సాయంత్రం చెప్పులు చూసుకుంటాడని చెప్పాడు. చెప్పులుంటే మనిషి పైన ఉన్నట్టు. ఆకుల్లో మనిషి కనపడడు, చెప్పులు కనపడతాయి. నాకు నవ్వాగలేదు. ప్రభుత్వం వారి ఎల్.సి. పుస్తకం, నా పసుపుపచ్చ కాగితం ఉండగా చెప్పులెందుకయ్యా అన్నాను. అయినా మద్దిలేటితో సహా అందరికీ అతను ఆ పద్ధతి నేర్పించాడు. చలపతి శెట్టి హిందూపురం బజారులో డజను జతల నీలం హవాయి చెప్పులు ఒకే బేరంలో తెచ్చి అందరికీ పంచాడు. బూట్లు కూడా ఇచ్చాడు గాని అవి షెడ్డులో వరసగా, అందంగా ఉండేవి.

ఎనిమిది రోజులు సునాయాసంగా గడిచాయి. తొమ్మిదో రోజు చెన్నేకొత్తపల్లి పోయే దారి మలుపులో ఉన్న చింతచెట్టు దగ్గరికి వచ్చాం. నలుగురు చేతులు చాచి పట్టుకుంటే గాని మొదలు అందదు. లైను దాని కొమ్మల్లో దూరి అవతల తేలుతుంది. పెద్ద చెట్టు గనుక ఆ రోజు ఎల్.సి. నా పేరు మీదే తీసుకున్నాను, పొద్దున పది నుంచి మధ్యాహ్నం రెండు దాకా. ఆ ఊరు మద్దిలేటి అత్తగారి ఊరు. ఆ చెట్టు చింతకాయ హక్కు కొన్న అవ్వ ఒకామె పొద్దున్నే వచ్చి, తాళ్ళతో దిగుతున్న కొమ్మలను చూసి మురిసిపోయి, తర్వాత మద్దిలేటిని పట్టుకుంది.

“ఏమప్పా అల్లుడా, యాడనుంచో వచ్చినోళ్ళు ఎక్కి కొడ్తాంటే, నువ్వు కింద నిలబడి ఏం చేస్తాండావు?”

“చూసుకుంటాండా అవ్వా.”

“చూసేదానికి జీతమా? చూసేదైతే నేనూ చూస్తా, నాకూ ఇప్పించు” అంది.

రోడ్డు మీద పోయేవాళ్ళంతా నవ్వారు. మద్దిలేటి కూడా నవ్వాడు, కాని చెవులు ఎర్రబడ్డాయి. నేను చూశాను, పట్టించుకోలేదు.

పన్నెండున్నరకు ఆఖరి కొమ్మ దిగింది. ఐదుగురూ దిగి, చెప్పులు వేసుకుని, అల్లంత దూరంలో బోరు దగ్గర అన్నం తినడానికి వెళ్ళారు. మద్దిలేటి అత్తగారింట్లో తిని వస్తానన్నాడు. నేనూ ఓబుళప్పా అన్నం తిని, లైను వెంట అటు మూడు స్తంభాలు, ఇటు మూడు స్తంభాలు నడిచి, తీగల మీద తాడు గాని, రెమ్మ గాని మిగిలిందేమోనని చూశాం. ఆ పని కూడా వరసలో భాగమే. చెట్టుకు రెండు వైపులా ఉన్న ఎర్త్ రాడ్లు తీయించి, చెట్టు దగ్గరికి తిరిగి వచ్చేసరికి ఒకటి యాభై. పసుపుపచ్చ కాగితం తీసి, పెన్ను మూత విప్పి నిమాయ్‌కి ఇచ్చాను.

అతను కాగితం పట్టుకోలేదు. చెట్టు మొదలు వైపు చూపించాడు. అక్కడ నీలం హవాయి చెప్పులు ఒక జత ఉంది.

తన ఐదుగురి కాళ్ళూ చూపించాడు. అందరి కాళ్ళకూ చెప్పులున్నాయి. ఓబుళప్ప మెడ వెనక్కి వంచి చెట్టులోకి అరిచాడు. “ఎవురప్పా పైన?” చెట్టు పలకలేదు. కొమ్మలు కొట్టింది లైను వైపే, మిగతా చెట్టంతా ఆకు మీద ఆకు. మేమిద్దరం చెట్టు చుట్టూ తిరిగి చూశాం. ఏమీ కనపడలేదు.

“గొర్రెలోళ్ళు ఎవురో ఇడిసి పోయింటారు సార్. గుడి ముందర మారిపోవా, అట్ల” అన్నాడు ఓబుళప్ప.

అప్పుడే ఏ.డి.ఈ. గారి ఫోను. రెండు కావస్తోంది, నాలుగు ఊళ్ళ మంచినీళ్ళ మోటార్లు ఆగి ఉన్నాయి, ఎల్.సి. ఎప్పుడిస్తావు అని. ఐదు నిమిషాలు అన్నాను. రెండయింది. రెండుంపావయింది. నిమాయ్ సంతకం పెట్టడు. ఆలస్యమైతే పని పోతుందని ఓబుళప్ప కన్నడంలో గుర్తు చేశాడు. తెలుసన్నాడు. సిమెంటు దుమ్ములోకి తిరిగి పోవాలి అని కూడా గుర్తు చేశాడు. అదీ తెలుసన్నాడు. పని ముగిశాక నా మాట లేనిదే ఎవరూ చెట్టెక్కకూడదు. ఎవరినైనా పైకి పంపి చూడమని అంటే నిమాయ్ పంపేవాడే, కాని ఆ మాట అనాలని నాకు తోచలేదు. కోపం వచ్చినప్పుడు నాకు సులువైన మాటలు తోచవు. అరిచాను. నువ్వు ఈ లైన్ల పనికి వచ్చి తొమ్మిది రోజులు, నేను ఈ శాఖలో చేరి ముప్పై ఏళ్ళు దాటింది అన్నాను. అతను నిదానంగా వెళ్ళి, ఆ చెప్పుల జతను రెండు చేతులతో తెచ్చి, నేను చాచి పట్టుకున్న పసుపుపచ్చ కాగితం మీద పెట్టాడు.

ఓబుళప్ప “అయ్యయ్యో” అన్నాడు. ప్రభుత్వ కాగితం మీద చెప్పులు! నాకు ఒళ్ళు మండిపోయింది. నువ్వు పెట్టకపోతే పోయె, సూపర్‌వైజరుతో పెట్టిస్తా అనుకున్నాను. సూపర్‌వైజరు సంతకం గ్యాంగు పెద్ద సంతకం కంటే పైది. అత్తగారింట్లో భోంచేస్తున్న మద్దిలేటిని వచ్చి సంతకం పెట్టమందామని ఫోను చేశాను.

చెట్టు మీద సన్నాయి మోగింది.

పెళ్ళిలో తాళి కట్టే వేళ వాయించే సన్నాయి మేళం, డోలుతో సహా. మద్దిలేటి రింగ్‌టోను అదే. పై కొమ్మల్లో ఎక్కడో వాయించి, ఆగి, నేను ఫోను కట్టేయడం మరిచిపోయినందువల్ల మళ్ళీ అందుకుంది.

నేను ఫోను కట్టేశాను. దాచుకోవలసిన పని లేదు, ఉన్నచోటే కింద కూర్చున్నాను. ఆ మనిషి లైనుకు రెండు బారల దూరంలో, మూడో పంగ దగ్గర కొమ్మను కావలించుకుని కళ్ళు మూసుకుని ఉన్నాడని తర్వాత తెలిసింది. మేము తీగలు చూడటానికి పోయినప్పుడు, ఎవరూ లేరు కదా అని, చేతిరంపం ఒకటి తీసుకుని, ఒక్క రెమ్మ కోసి ఆ అవ్వకు చూపిద్దామని ఎక్కాడు. ఎక్కడం వచ్చింది. కిందికి చూశాక చేతులు వదలడం రాలేదు. నోరు తెరిస్తే అత్తగారి ఊరంతా వస్తుందని, మేమంతా వెళ్ళిపోయాక మెల్లగా దిగుదామని ఊపిరి బిగపట్టుకున్నాడు. ఎల్.సి. సంగతి అతనికి బాగా తెలుసు. ప్రాణం కంటే పరువు ముందు తోచింది. అంత తొందరలోనూ, నేర్పించిన ప్రకారం, చెప్పులు మాత్రం విడిచి, జతగా పెట్టి మరీ ఎక్కాడు.

నిమాయ్ తాడు భుజాన వేసుకుని పైకి వెళ్ళాడు. కొమ్మలకు కట్టినట్టే మద్దిలేటి చంకల కింద తాడు కట్టి, పై కొమ్మ మీదుగా వేసి, కింద నలుగురికి అందించాడు. అప్పటికి ఊరు ఊరంతా వచ్చింది. అత్తగారు, మామగారు, బావమరుదులు, ఆ అవ్వ. కళ్ళు మూసుకున్న అల్లుడు చేతిలో రంపంతో, మెల్లగా తిరుగుతూ, వాళ్ళందరి మధ్యకు దిగాడు. పాదాలు నేలకు ఆనగానే, కళ్ళు తెరవకుండానే అన్నాడు.

“సార్, మా అత్తగారోళ్ళకు చెప్పొద్దండి.”

“చెప్పములే నాయనా” అన్నాడు వాళ్ళ మామగారే.

నవ్వు మొదలైందంటే ఆగలేదు. ఓబుళప్ప స్తంభం పట్టుకుని నవ్వాడు. నేను నేలమీద కూర్చునే కళ్ళనీళ్ళు కారేలా నవ్వాను. అందులో కొన్ని నవ్వువి కావు. నిమాయ్ చెట్టు దిగి, చుట్టూ చూసి, ఒక్కొక్కరి కాళ్ళూ లెక్కపెట్టి, మద్దిలేటి చెప్పులు మద్దిలేటికిచ్చి, కాగితం దులిపి బెంగాలీలో సంతకం పెట్టాడు. రెండు నలభై ఆరుకు ఎల్.సి. తిరిగి ఇచ్చాను.

ఆలస్యానికి సంజాయిషీ రాయమని మెమో వచ్చింది. “జాప్యం: నలభై ఆరు నిమిషాలు. కారణం: ఒక జత చెప్పులు” అని రాసి పంపాను. ఏ.డి.ఈ. గారు ఫోను చేసి, ఎండదెబ్బ తగిలిందా అని అడిగారు. మొత్తం చెప్పాను. ఆ మెమో ఫైలులోనే ఉండిపోయింది.

చలపతి శెట్టి మాత్రం షరతు షరతే అన్నాడు. “లేటు లేటే గదా సార్.” పన్నెండున్నరకే వాళ్ళ పని పూర్తయిందని, ఎల్.సి. నా పేరు మీద ఉంది గనుక ఆలస్యం నాదని, కావాలంటే నన్ను కాంక్రీటుకు పంపమని అన్నాను. ఆయన తెల్లచొక్కా సర్దుకుని, ఏడాది పని నిమాయ్‌కే రాసిచ్చాడు. మద్దిలేటి సూపర్‌వైజరు పని వదిలేసి నిమాయ్ దగ్గర ఎక్కడమూ, ముఖ్యంగా దిగడమూ నేర్చుకున్నాడు.

మరుసటి ఏడు మళ్ళీ మనుషుల కరువు వచ్చింది. మాల్దాలో మామిడి కోతలకు నిమాయ్ బృందం ఊరికి పోయింది, సరిగ్గా మాకు పని ఎక్కువుండే రోజుల్లోనే. మళ్ళీ వేపచెట్టు, మళ్ళీ బల్ల. మద్దిలేటి ఎక్కుతున్నాడని విని ఈసారి ఎక్కడానికే తొమ్మిది మంది వచ్చారు. అందరినీ ఎక్కించి, దించి చూశాను. ఆ తర్వాత మద్దిలేటిని చెట్టు మీద కూర్చోబెట్టి, ఒక్కొక్కరినే పిలిచి, పసుపుపచ్చ కాగితం చదివి వినిపించి, సంతకం పెట్టమన్నాను. ఎనిమిది మంది పెట్టారు. అందులో మా మేనల్లుడు కూడా ఉన్నాడు. తొమ్మిదోవాడు కనగానపల్లి నుంచి వచ్చిన గొర్రెల కాపరి. పెన్ను బల్ల మీద పెట్టేశాడు.

“ఏం సార్, కండ్లు కనపడవా? పైన మనిషుండాడు గదా, నేనెట్ల పెడ్తా?” అన్నాడు.

అతన్ని ఆ రోజే తీసుకున్నాం. మిగతా ఎనిమిది మందినీ పంపించేశాను. చెట్టెక్కడం నెల రోజుల్లో నేర్పవచ్చు. పై అధికారి పెట్టమన్నప్పుడు సంతకం పెట్టకుండా ఉండటం ఎలా నేర్పాలో నాకు తెలియలేదు. అందుకే అది ముందే వచ్చినవాళ్ళను మాత్రమే తీసుకుంటూ మిగిలిన సర్వీసు పూర్తి చేశాను.